అమ్మమ్మ కాసులపేరు: కరిగించి పంచుకోవాలా, అలాగే ఉంచాలా?

తెనాలి ఆడపడుచు:
అమ్మమ్మ కాసులపేరు అమ్మకు వచ్చింది. అమ్మ పోయి ఏడాది దాటింది, వీలునామా రాయలేదు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం, ఒక అన్నయ్య. కరిగించి మూడు గొలుసులు చేయించుకుందామని అక్క అంటోంది. నాకు మనసొప్పడం లేదు. మీ ఇళ్లలో ఏం చేశారు?

భీమవరం:
కరిగించడమే నయం. లాకర్‌లో పడుండే నగ ఎవరికి పనికొస్తుంది? సన్న గొలుసైతే రోజూ మెడలో ఉంటుంది. బంగారం అదే కదా.

గోదారి గట్టు:
బంగారం అదే గానీ అంతా చేతికి రాదండి. పాత నగల్లో అతుకులెక్కువ. కరిగిస్తే ఆ టంకం కూడా కలిసి నాణ్యత తగ్గుతుంది. ఆపైన కొత్తవాటికి తరుగు, మజూరీ, జీఎస్టీ. హాల్‌మార్క్ లేదని కంగారుపడి కరిగించకండి, 2021లో తప్పనిసరి చేసింది షాపుల అమ్మకాలకే.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. మా నాయనమ్మ కాసులపేరులో ముందువైపు కాసుల మీద లక్ష్మీదేవి ముఖం అరిగి నున్నబడింది. మెడ వెనక వాటి మీద తామర రేకులు ఇంకా తేటగా ఉన్నాయి. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని పేరంటాలకు వేసుకుంటే అలా అరుగుతుంది! కొత్త అచ్చులో ఆ అరుగుదల ఏ కంసాలీ తేలేడు. మా ఇంట్లో ఎవరి పెళ్లయినా అది పెళ్లికూతురి మెడలో పడాల్సిందే. ఎవరి దగ్గరుందో బరువు, ఫోటోతో సహా కాగితం రాసి అందరం సంతకాలు పెడతాం.

హనుమకొండ:
అక్కా, అమ్మ నగలు ఆడపిల్లలకే అనుకుంటాం గానీ, వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొడుకులు, కూతుళ్లు, భర్త అందరికీ సమాన వాటా. అన్నయ్యను, నాన్నగారుంటే ఆయన్ను అడగకుండా కంసాలి దగ్గరికి వెళ్లకండి.

భీమవరం:
కాగితాలు, సంతకాలు మాట మీద నిలబడేవాళ్లకే. మా బంధువుల్లో 'ఈసారి నీ దగ్గర' అనుకున్న వడ్డాణం ఏళ్ల తరబడి ఒకే బీరువాలో ఉండిపోయింది. అడిగినందుకు రాకపోకలే ఆగిపోయాయి. నగ మిగిలి మనుషులు దూరమైతే ఏం లాభం?

గోదారి గట్టు:
ఆ భయం నిజమే. అయినా కాసులపేరుకు కరిగించక్కర్లేదు. కాసులు విడివిడిగా గుచ్చినవైతే విప్పి తలా కొన్ని తీసుకోవచ్చు, ఇంట్లో పెళ్లి వస్తే మళ్లీ కలిపి గుచ్చించవచ్చు. అతికించినవైతే ముందు కంసాలికి చూపించండి.

తెనాలి ఆడపడుచు:
అన్నయ్యతో మాట్లాడాను. తనకు వాటా వద్దు గానీ, కూతురి పెళ్లిలో ఆ కాసులపేరు దాని మెడలో చూడాలన్నాడు. అక్క ఇంకా ఒప్పుకోలేదు. కాసులు విప్పే సంగతి ఆదివారం తనతో మాట్లాడతాను.