‘కట్టె, కొట్టె, తెచ్చె’లో లేని క్రియ

పోస్టు: అందరికీ నమస్కారం. ‘కట్టె, కొట్టె, తెచ్చె’ గురించి ఒక సందేహం. రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే మనవాళ్లు చెప్పే మాట కదా ఇది. వారధి కట్టె, రావణుణ్ణి కొట్టె, సీతను తెచ్చె. మా ఆఫీసులో ఒక పెద్దాయన ప్రెజెంటేషన్ మాట ఎత్తితే చాలు, ‘కట్టె కొట్టె తెచ్చె అన్నట్టుండాలి’ అంటారు. ఆయన మాట పట్టుకుని పోయినవారం మూడే మూడు స్లైడ్లు చేశాను. సరుకు ఆలస్యంగా చేరుతోందని మా టీము ఒక కొత్త పద్ధతి పెట్టింది. దాన్ని మిగతా శాఖల్లోనూ పెట్టాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి, డబ్బివ్వాలి. మొదటి స్లైడు ‘ఏం కట్టాం’, రెండోది ‘ఏం తగ్గించాం’, మూడోది ‘ఏం మిగిల్చాం’. ఆరు నిమిషాల్లో ముగించేసి గర్వంగా కూర్చున్నాను. ఫైనాన్స్ నుంచి వచ్చినావిడ అడిగింది: ‘బాగుందండీ. ఇంతకీ మీకొచ్చిన ఇబ్బందేమిటి?’

అప్పట్నుంచీ ఆ మూడు క్రియలే బుర్రలో తిరుగుతున్నాయి. అసలు ఈ మాటను మనం మెచ్చుకోలుగా వాడతామా, ఎత్తిపొడుపుగానా?

తెలుగు మాస్టారు: రెండు రకాలుగానూ వాడతారు. నేను ఎక్కువగా విన్నది ఎత్తిపొడుపే. ‘ఇంటర్వ్యూ ఎలా జరిగిందిరా అంటే కట్టె కొట్టె తెచ్చె అని చెప్పి ఫోన్ పెట్టేశాడు’ లాంటివి. వ్యాకరణం చూస్తే ఇవి కట్టెను, కొట్టెను, తెచ్చెనులో ‘ను’ జారిపోయిన రూపాలు. కట్టాడు, కట్టింది అంటే ఎవరో కొంతైనా తెలుస్తుంది. ‘కట్టెను’లో ఆ తేడా కూడా లేదు. ఎవరు కట్టారో చెప్పదు, ఏం కట్టారో చెప్పదు. పైగా ‘కట్టె’ నామవాచకం కూడాను. కథ తెలియనివాడి చెవికి ఎవరో కట్టె కొట్టి తెచ్చినట్టే వినపడుతుంది. మీ ఫైనాన్స్ ఆవిడ విన్నది కట్టెల కథే.

పోస్టు పెట్టినవారు: మాస్టారూ, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ప్రెజెంటేషన్ల ట్రైనింగ్ ఇచ్చే సభ్యురాలు: నాకు ఇంకో లోటు కనిపిస్తోంది. ఆ మూడూ రాముడు చేసిన పనులే. సీత పోవడం ఎక్కడుంది? పోయిందని తెలిసినవాళ్లకే ‘తెచ్చె’ అన్న మాట బరువుగా తగులుతుంది. కాబట్టి ‘పోయె, కట్టె, కొట్టె, తెచ్చె’ అనుకోండి. లయ చెడింది, నాకూ తెలుసు. మెకిన్సే అనే కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసిన బార్బరా మింటో రిపోర్టుల ఎత్తుగడకు చెప్పిన వరస కూడా ఇంచుమించు ఇదే: పరిస్థితి, చిక్కు, ప్రశ్న, జవాబు. మీరు మొదటి మూడూ ఎగరగొట్టి జవాబుతో మొదలుపెట్టారు. ప్రశ్నే పుట్టనివాళ్లకు జవాబు ఎందుకు?

ఇంకొక సభ్యుడు: మేడమ్, దాన్ని నియమం చేసేయకండి. లంక నుంచి తిరిగొచ్చిన హనుమంతుడు వానరులతో ముందుగా చెప్పింది జవాబే. ‘దృష్టా దేవీ’ అన్నాడు, అంటే ‘కనబడింది దేవి’ అని. క్లుప్తంగా చెప్పాడని వాల్మీకే అంటాడు. మా తాతగారు ఈ చోట ఆగి మరీ చెప్పేవారు. ముందు ‘సీత’ అని నోరు తెరిస్తే, తర్వాతి మాట వచ్చేలోపు ఉందో లేదో అని వినేవాళ్ల గుండె ఆగుతుంది. అందుకే ‘దృష్టా’ ముందొచ్చింది. అది స్త్రీలింగం కాబట్టి చూసింది ఎవర్నో కూడా ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది. ‘కథం దృష్టా’, ఎలా చూశావయ్యా అని జాంబవంతుడు అడిగాకే కథంతా విప్పాడు. సుందరకాండలోని పెద్ద సర్గల్లో అదొకటి.

ట్రైనింగ్ ఇచ్చే సభ్యురాలు: చాలా బాగా చెప్పారు, ఇది నా క్లాసులో వాడుకుంటాను. అయితే ఆ వానరుల సంగతి చూడండి. గడువు దాటిపోయి, ఉత్తచేతులతో వెనక్కి వెళ్లలేక అన్నం నీళ్లు మాని ప్రాణాలు వదిలేద్దామనుకున్నవాళ్లు. అంత టెన్షన్లో ఉన్నవాళ్లకు ‘పోయె’ మళ్లీ చెప్పాలా? ఆ ఫైనాన్స్ ఆవిడకి సీత ఎవరో కూడా తెలియదు. స్లైడ్లు మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సింది అదే, ఏం పోయిందో వినేవాళ్లకు తెలుసా లేదా అని. పని ఎంతవరకొచ్చిందని నెలనెలా అడిగే మేనేజర్ దగ్గర నేనైతే ‘దృష్టా’తోనే మొదలుపెడతాను, అక్కడ కథ ఎత్తుకుంటే చిరాకుపడతారు. ఎప్పుడూ వినని విషయానికి డబ్బు అడిగేచోట మాత్రం ‘పోయె’ లేకుండా నోరు తెరవను.

మరొకరు: నాటకాల గురించి ధనంజయుడు రాసిన దశరూపకంలో ఐదు అవస్థలున్నాయి, అంటే కథ నడిచే దశలు. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. మూడోదాన్లో దొరుకుతుందన్న ఆశ, జారిపోతుందేమోనన్న భయం రెండూ ఉంటాయి. ప్రెజెంటేషన్లలో అందరూ ముందు కోసేసేది దాన్నే.

పోస్టు పెట్టినవారు: నేనూ కోసేశాను. ముందు మనుషుల్ని పెంచి చూశాం, లాభం లేకపోయింది. పెద్దల ముందు మన ఓటమి మనమే ఎందుకు చెప్పుకోవాలని తీసేశాను.

ట్రైనింగ్ ఇచ్చే సభ్యురాలు: అది ఉండాల్సిందండీ. ‘ఇంకో నలుగుర్ని పెట్టుకుంటే సరిపోయేది కదా’ అని ఎవరో ఒకరు మనసులో అనుకుంటూనే ఉంటారు. ఆ దారిలో వెళ్లొచ్చామని మీరే చెబితే ఆ ప్రశ్న అక్కడే తీరిపోతుంది.

కొత్త సభ్యుడు: నాదొక అనుమానం. తెలుగులో ‘కథలు చెప్పకు’ అంటే అబద్ధాలు ఆపమని. కట్టుకథలోనూ ఉన్నది ఆ ‘కట్టు’ క్రియే. అలాంటిది ఆఫీసులో కథ చెప్పమంటే...

తెలుగు మాస్టారు: లెక్క లేని కథ కట్టుకథే అవుతుంది నాయనా. ‘పోయె’ దగ్గరే ఎంత పోయిందో, ఎవరికి పోయిందో అంకె పడాలి. ఒక్క ఆర్డరు తీసుకోండి. సోమవారం ఉదయం బయల్దేరాల్సింది గురువారం దాకా ఏ బల్ల మీద, ఎవరి సంతకం కోసం ఆగిందో చూపించండి. అలాంటివి నెలకు ఎన్నో ఆ పక్కనే వేయండి. ఆ ఒక్కటీ అరుదుగా జరిగేదైతే దాన్ని ఎంచుకోవడమే అబద్ధం.

అన్నట్టు, మీ స్లైడ్లో వాక్యాలు ఎలా ఉన్నాయో ఒకటి పెట్టండి.

పోస్టు పెట్టినవారు: ‘గోడౌన్లను పరిశీలించి, లెక్కలు తీసి, సిబ్బందితో మాట్లాడి, కొత్త పద్ధతి రూపొందించి, అమలు చేశాం.’

తెలుగు మాస్టారు: అనుకున్నాను. అన్నీ క్త్వార్థకాలే, అంటే ‘చేసి’ లాంటి ‘ఇ’తో ముగిసే అసమాపక క్రియలు. పరిశీలించి, తీసి, మాట్లాడి, రూపొందించి, గూడ్సుబండి పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఈ ‘ఇ’ వరస చెబుతుంది గానీ, దేనివల్ల ఏది జరిగిందో విప్పి చెప్పదు. వినేవాడు చివరి క్రియ కోసం ఎదురుచూసి చూసి మధ్యలో ఫోన్ తీస్తాడు. అక్కడ ఒక్క అప్యర్థకం, అంటే ‘చేసినా’ లాంటి రూపం, వేసి చూడండి: ‘మనుషుల్ని పెంచినా ఆలస్యం తగ్గలేదు.’ ‘పెంచి’కీ ‘పెంచినా’కీ తేడా ఒక్క ‘నా’. ఆ అక్షరం వినగానే ఏదో తేడా జరిగిందని చెవి పసిగడుతుంది. దాని తర్వాత ‘అందుకని’ అంటే మీ కొత్త పద్ధతి దానంతటదే వస్తుంది. ‘ఇలాగే వదిలేస్తే’ అని చేదర్థకం, అంటే ‘చేస్తే’ లాంటి రూపం, వేశారా, డబ్బు ఎందుకివ్వాలో వాళ్లకే అర్థమవుతుంది. కథ నిర్మాణం అని ట్రైనింగుల్లో గీసే బొమ్మల్లో సగం పని మన భాషలో ఈ ప్రత్యయాలే చేసేస్తాయి. మేడమ్ ఏమీ అనుకోకూడదు.

ట్రైనింగ్ ఇచ్చే సభ్యురాలు: అనుకోను గానీ, ఆ బొమ్మలు గీసే నాకు జీతమిస్తున్నారు మాస్టారూ!

పోస్టు పెట్టినవారు: వచ్చే బుధవారం ఇంకో అవకాశమిచ్చారు. ‘ఏం కట్టాం’ స్లైడు వెనక్కి జరిపాను. ఇప్పుడు మొదలు ఇలా ఉంది: ‘ఈ ఆర్డరు సోమవారం బయల్దేరాలి. గురువారం దాకా మా బల్ల మీదే ఉంది. మనుషుల్ని పెంచినా కదల్లేదు.’

తెలుగు మాస్టారు: ఊఁ. తర్వాత?