ఫాల్ కుట్టే సన్న సూదిలో దారం ఎక్కట్లేదు

గాజువాక_కుట్లు:
చీరలకి చేత్తో ఫాల్ కుడుతున్నాను. 10 నంబరు సూది, మామూలు కాటన్ దారం. ఎంత తడిపి పేనినా బెజ్జం దగ్గరికొచ్చేసరికి కొస రెండు పాయలుగా చీలిపోతోంది. ఒకటి లోపలికెళ్తే ఇంకోటి బయటే వంగిపోతోంది. దారం ఎక్కించే త్రెడ్డర్ (రేకుకి సన్న తీగ ఉండేది) కొంటే తీగ ఊడొచ్చేసింది. అమ్మైతే కళ్ళజోడు పెట్టుకున్నా ఎక్కించలేకపోతోంది. ఏం చేయాలండి?

కత్తెర_చేయి:
పాయలు చీలుతున్నాయంటే మీరు పురికి ఎదురు తిప్పుతున్నట్టే. వేళ్ళ మధ్య మెల్లగా తిప్పి చూడండి, ఏ వైపు బిగుస్తుందో ఆ వైపే పేనాలి. పంటితో అస్సలు కొరకొద్దు, కొస నలిగి చీపురులా విచ్చుకుంటుంది. పదునైన కత్తెరతో ఏటవాలుగా కొయ్యండి.

కాటన్ తడిస్తే ఉబ్బుతుంది, అందుకే దారం పొడిగా ఉంచి బెజ్జానికి వేలితో కాస్త తడి అద్దండి. దారాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కి పట్టండి. కొస పైకి కనపడీ కనపడనట్టు ఒక్క మిల్లీమీటరు ఉంటే చాలు. ఇప్పుడు సూదినే దాని మీదికి దించండి. కొసకి వంగే చోటు ఉండదు కాబట్టి నేరుగా దూరుతుంది. అప్పటికీ దూరకపోతే సూదిని రెండో వైపుకి తిప్పండి. బెజ్జం అచ్చు గుద్ది చేస్తారు కదా, ఒక వైపు కాస్త నునుపుగా ఉంటుంది.

మధురవాడ_టైలరింగ్:
చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సన్నం. మిషన్ సూదికి తిరగేసి: 11 సన్నం, 16 లావు. పల్చటి సిల్కు కాకపోతే ఫాల్‌కి 8 చాలండి, సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. త్రెడ్డర్ తీగ రేకుకి అంటించి ఉంటుంది అంతే. రేకు పట్టుకుని వంకరగా గుంజితే ఊడుతుంది. దారం దూర్చాక సూదినే తీగ మీంచి తిన్నగా జార్చండి.

మన వైజాగ్ ఉప్పుగాలికి సూదులు తొందరగా తుప్పు పడతాయి. ఎక్కించిన దారాన్ని బెజ్జంలో అటూ ఇటూ జరపండి. గరగరలాడి పీచు లేస్తే ఆ సూది పారేయడమే. మిగతావి మిషన్ నూనె చుక్క అద్దిన గుడ్డకి గుచ్చి మూత డబ్బాలో పెట్టండి. వాడేముందు తుడవడం మరిచిపోతే చీరకి మరకే.

గాజువాక_కుట్లు:
థాంక్సండి. ఎంబ్రాయిడరీ దారానికీ ఇదేనా?

కత్తెర_చేయి:
దానికి వేరు. దారాన్ని సూది మీద మడిచి బిగించి, ఆ మడతని వేళ్ళతో నొక్కిపట్టి సూది లాగేయండి. ఆ మడతనే బెజ్జంలోకి నెట్టాలి. సూది మాత్రం పొడుగు బెజ్జం ఉన్నదే తీసుకోండి.

మధురవాడ_టైలరింగ్:
అమ్మగారికోసం ఒకటి. పొద్దున్నే రీలు దారానికి ఐదారు సూదులు వరసగా ఎక్కించి ఇచ్చేయండి. ఆవిడ కొస దగ్గరి సూది ఒక్కటి ఉంచుకుని, మిగతావి రీలు వైపుకి జరిపి, మూరెడు దారం తెంపుకుంటే సరి. మూర దాటితే చిక్కులు పడుతుంది.