అప్‌డేట్: నల్లగొండలోని మా పాత గీజరును మార్చలేదు, బాగుచేయించాము

6 ఏళ్లుగా బోరు నీటితో నడుస్తున్న మా 15 లీటర్ల గీజరు చిటపటమని చప్పుడు చేస్తూ, నీళ్లు కాగడానికి మునుపటికంటే రెట్టింపు సమయం తీసుకుంటోందని, దానిని మార్చాలా, బాగుచేయించాలా అని నేను అడిగినప్పుడు, ముందుగా లోపల పేరుకున్న సున్నాన్నీ, మెగ్నీషియం కడ్డీనీ చూపించమని చాలామంది సలహా ఇచ్చారు. వారందరికీ కృతజ్ఞతలు.

మెకానిక్ కరెంటు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి విప్పగా, నీటిని కాచే ఎలిమెంటు చుట్టూ తెల్లటి సున్నపు పొర మందంగా గట్టిపడి ఉంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి కార్బనేటుగా పేరుకుంటుందని, ఆ పొర వేడిని నీటికి సరిగా చేరనీయక చివరకు ఎలిమెంటునే కాల్చేస్తుందని ఆయన వివరించారు. (మా జిల్లా పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే ఫ్లోరైడు వేరు, సున్నం పేరుకునేలా చేసే ఈ నీటి కాఠిన్యం వేరు, ఇంతకాలం నేను రెండూ ఒకటే అనుకున్నాను.) నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టగా పొర చాలావరకు ఊడిపోయింది.

నన్ను నిజంగా కలవరపెట్టింది కడ్డీ. ట్యాంకు ఉక్కుకు బదులుగా తాను క్షయమై దానిని కాపాడవలసిన ఆ కడ్డీ, సన్నని తీగలా మిగిలింది. మరికొంత ఆలస్యమైతే ట్యాంకుకే చిల్లు పడేదని నా నమ్మకం.

కొత్త కడ్డీ, కొత్త వాషరు వేయించి, సేఫ్టీ వాల్వును పరీక్ష చేయించాము. వేడి పెరిగేకొద్దీ సున్నం త్వరగా పేరుకుంటుంది కనుక థర్మోస్టాట్‌ను 75 నుంచి 60 డిగ్రీలకు తగ్గించాము. 3 వారాలుగా చప్పుడు లేదు. తెల్లవారుజామున మా అమ్మగారి స్నానానికి నీళ్లు వేళకు అందుతున్నాయి. ఇకపై ఏటా చలికాలానికి ముందే విప్పించి చూపిస్తాము.