చెదపుట్టను చూసి కట్టిన బిల్డింగ్ మన ఊళ్ళకు పనికొస్తుందా?

శ్రీను_సివిల్: జింబాబ్వే రాజధాని హరారేలో ఈస్ట్‌గేట్ సెంటర్ అని ఉంది, షాపులూ ఆఫీసులూ ఉన్న పెద్ద బిల్డింగ్, 1996లో తెరిచారు. మిక్ పియర్స్ అనే ఆర్కిటెక్ట్ చెదపుట్టల్ని చూసి డిజైన్ చేశాడు, మామూలు ఏసీ ప్లాంటు లేకుండానే నడుస్తోంది. మనమేమో ఎండలో అద్దాల గోడలు కట్టి, లోపలికొచ్చిన వేడిని కరెంటు పెట్టి బయటకు తోడుతున్నాం. పెద్ద బిల్డింగులకు ఇక్కడా ఈ పద్ధతే తప్పనిసరి చెయ్యాలంటాను.

బెజవాడ_ఎండ: అద్దాల విషయంలో మీ మాటే నా మాట. పుట్ట విషయంలో ఒప్పుకోను. పుట్ట లోపల ఎప్పుడూ ఒకే చల్లదనం ఉంటుందనే నమ్మకం మీద ఆ డిజైన్ మొదలైంది. చెదపుట్టల మీద పరిశోధన చేసిన స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ 2008లో రాసిందేమిటంటే, చెదలుండే గూడులో వేడి చుట్టూ ఉన్న నేలను బట్టి కాలంతో పాటు మారుతూనే ఉంటుంది, పైకి లేచిన పుట్ట ఊపిరితిత్తిలా గాలి మార్చడానికి. మరి హరారేలో పనిచేస్తున్నది ఏంటి? రాత్రి చలి. ఊరు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి ఫ్యాన్లు ఆ చల్లగాలిని కాంక్రీటు గుండా తోస్తాయి, పగలంతా ఆ కాంక్రీటే వేడిని పీల్చుకుంటుంది. మా బెజవాడలో మే నెలలో రాత్రి 28 డిగ్రీల కిందికి దిగితే గొప్ప, పైగా ఉక్క. రాత్రి పదకొండింటికి మా పడమటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే తగులుతుంది. ఆ గాలిని తోసి ఏం లాభం?

సీమ_మిద్దె: మీ ఊరికి లాభం లేదేమో గానీ మా అనంతపురం వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రులు బాగానే చల్లబడతాయి. మా అవ్వ వాళ్ళ మట్టి మిద్దెలో మధ్యాహ్నం పన్నెండుకు కూడా నేల మీద పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది, మందపాటి గోడలు, చిన్న కిటికీలు, అంతే.

శ్రీను_సివిల్: బెజవాడ గారూ, రూల్ అన్నది తొందరపాటే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ పుట్ట గురించి పియర్స్ అనుకున్నది తప్పయినా బిల్డింగ్ పనిచేస్తోంది కదా, దాన్ని పక్కన పెట్టెయ్యకండి. అనంతపురంలో రాత్రి గాలి, బెజవాడలో పడమటి గోడకు నీడ. ప్లాన్ అప్రూవల్‌కి వచ్చినప్పుడు ఆ ఊరి రాత్రి ఉష్ణోగ్రతలు చూపించమని అడిగితే చాలు, దానికి మీకేమైనా అభ్యంతరమా?

బెజవాడ_ఎండ: లేదండీ. పడమటి వైపు అద్దం పెడితే అప్రూవల్ ఆపెయ్యాలని కూడా చేర్చండి.