ఎర్ర ఫియెస్టా పళ్ళెంలో భోజనం చేయవచ్చునా?

ప్రశ్న: ఒహాయోలో ఒక పాత ఇంటి సామాను అమ్మకంలో నాకు నారింజ ఛాయ గల ఎర్ర ‘ఫియెస్టా’ రకం పింగాణీ పళ్ళేలు నాలుగు, రస్సెల్ రైట్ రూపకల్పన చేసిన బూడిదరంగు ‘అమెరికన్ మోడర్న్’ గిన్నె ఒకటి దొరికాయి. వీటిని రోజూ వాడుకోవచ్చునా?

మొదటి సమాధానం: ఎర్ర పళ్ళేలను దయచేసి భోజనానికి వాడకండి. వెస్ట్ వర్జీనియాకు చెందిన హోమర్ లాఫ్లిన్ సంస్థ 1936లో ఫియెస్టాను విడుదల చేసినప్పుడు, ఆ ఎరుపు కోసం గ్లేజులో, అంటే పైనున్న గాజులాంటి పూతలో, యురేనియం ఆక్సైడును కలిపింది. యుద్ధకాలంలో యురేనియాన్ని ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవడంతో నిలిచిపోయిన ఆ రంగు 1959లో గాని మళ్ళీ రాలేదు. పులుపు తగిలితే గ్లేజులోని లోహాలు ఆహారంలోకి దిగుతాయి కనుక మన పులుసుకు, పులిహోరకు అవి బొత్తిగా పనికిరావు. బీరువాలో పెట్టి చూసుకోండి. ఆ రంగు అంత అందమైనది.

రెండవ సమాధానం: గిన్నె విషయం చెబుతాను. స్టూబెన్‌విల్ పాటరీ 1939 నుంచి 1959 వరకు చేసిన ఈ పాత్రల అంచులు తేలికగా పెచ్చులూడతాయి. గోటితో అంచు చుట్టూ తడిమి, వెలుతురులో వంచి చూడండి. నా దగ్గరున్న కప్పులో వెంట్రుకల్లాంటి పగుళ్లలోకి టీ మరక దిగి, ఎంత కడిగినా పోలేదు. డిష్‌వాషర్‌లో మాత్రం వేయకండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే తడిమి చూశాను, ఒకచోట గోరు ఆగింది. అయినా దానిని వదులుకోను.