సమస్య: "దయ్యమునకు దగ్గు దడుపు వచ్చె"

నిర్వాహకుడు (కర్నూలు): నిన్న రాత్రి పదకొండున్నరకు పిల్లలు ఒక దయ్యం సినిమా పెట్టుకుంటే నేనూ పక్కన కూర్చున్నా. పేరు చెప్పను, తీసినవాళ్ళు ఇప్పటికే అప్పుల్లో ఉండుంటారు పాపం. తలుపు కిర్రుమంది, పొగ వచ్చింది, పొగలోంచి దయ్యం వచ్చింది, వచ్చి మనల్ని భయపెట్టకుండా కళ్ళు నలుపుకుంది. ఆ షాట్ అట్లే ఉంచేశారు, మళ్ళీ తీయడానికి డబ్బుల్లేవేమో. అప్పుడు తట్టిన పాదం ఇది, దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది (ఆ.వె.) పద్యం పూరించండి. ఆదివారం రాత్రి దాకా టైం. పూరణలో సినిమా వాసన తగలాలి, అదొక్కటే షరతు.

ఉగ్గాని బజ్జి (అనంతపురం): బోణీ నాదే.

ఆ.వె.
పొగను వేయ మనిరి, పొయ్యిలో సాంబ్రాణి
గంపెడంత తెచ్చి కాల్చినారు
తెల్ల చీర తోడ తెరమీద నిలబడ్డ
దయ్యమునకు దగ్గు దడుపు వచ్చె

కారందోసె (కడప): నడక బాగుంది మాస్టారూ. కానీ ఒక్క మాట. దగ్గుకు కారణం చెప్పారు, దడుపు యాడనుంచి వచ్చింది? మా ఇంట్లో పిల్లోడు దడుసుకుంటే దడుపు పోవడానికి సాంబ్రాణి వేస్తారు. మీ పూరణలో సాంబ్రాణి వేస్తేనే దడుపు వస్తా ఉంది. సగం సమస్య మిగిలిపోయింది.

ఉగ్గాని బజ్జి: గంపెడు సాంబ్రాణి ఖరీదు తెలిస్తే నీకూ దడుపే నాయనా.

బురుజు నీడ (కర్నూలు): ఆ ఖరీదు మాట పద్యంలో పెట్టాల్సింది సార్, కింద వ్యాఖ్యానంలో కాదు. సరే, నాది చూడండి. 2021లో మన కర్నూలు మీద తీసిన 'జాంబీ రెడ్డి' గుర్తుండే ఉంటుంది. కరోనా కాలంలో స్నేహితుని పెళ్ళికని కర్నూలు వస్తారే, అది. ఫ్యాక్షన్ కొడవళ్ళు చూసి చూసి విసుగొచ్చిన నాలాంటోడికి అవే కొడవళ్ళు జాంబీల మీద లేస్తుంటే హాల్లో లేచి ఈల వేయాలనిపించింది. రెండో సగం కొంచెం సాగింది, అది వేరే సంగతి.

ఆ.వె.
మాస్కు లేని గుంపు మంటపానికి రాగ
పెళ్ళి లోన తుమ్ము వినగ బడెను
కోవిడేమొ యనుచు గుండె జారిన యట్టి
దయ్యమునకు దగ్గుదడుపు వచ్చె

"దగ్గు, దడుపు" అని విడదీయొద్దు. దగ్గు వలన దడుపు, ఒకే మాట.

పెన్న ఒడ్డు (తాడిపత్రి): సమాసం చేసేసి సమస్యనే చుట్టి జేబులో పెట్టుకున్నావు కదప్పా! పె-వి యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో అక్షరంతో కుదిరే మైత్రి) కూడా ముచ్చటగా ఉంది.

కారందోసె: తుమ్మింది ఒకరు, దయ్యం దడుసుకునింది మాత్రం దగ్గుకా?

బురుజు నీడ: రెండో పాదంలో కూడా దగ్గు అనే రాసి ఉంటే పునరుక్తి అని నువ్వే పట్టుకునేవాడివి. నిన్ను తలుచుకునే తుమ్ము పెట్టినా.

ఉగ్గాని బజ్జి: అసలు జాంబీ దయ్యం కాదు. దయ్యానికి ఒళ్ళుండదు, జాంబీకి ఒళ్ళు తప్ప ఇంకేమీ ఉండదు. మన బేతాళుడైతే శవంలో దూరి కథలన్నా చెప్తాడు, ఇవి అదీ చెప్పవు. నిర్వాహకులు తేల్చాలి.

నిర్వాహకుడు: పద్యంలో జాంబీ అనే మాటే లేదు కదా సార్. చెల్లుతుంది.

కారందోసె: ఇక నాది. గ్రాఫిక్స్ కంపెనీలు లేని రోజుల్లో విఠలాచార్య కొద్దిపాటి డబ్బుతో దయ్యాన్ని చూపిస్తే పల్లెల్లో జనం బండ్లు కట్టుకుని పోయేవాళ్ళని మా నాయన చెప్తాడు. 1978లో 'జగన్మోహిని' వచ్చినప్పుడు మా నాయనకు పదేళ్ళు, వారం దినాలు ఒంటరిగా పెరట్లోకి పోలేదంట. ఇప్పుడు కోట్లు పోసి తీసిన దయ్యాన్ని చూస్తా మా పాప బొరుగులు నములుతుంది.

ఆ.వె.
కాలు పొయ్యి లోన కట్టెగా బెట్టిన
పాత దయ్య మిపుడు పాట్లు పడియె
గ్యాసు బండ ధరకు గ్రాఫిక్సు ఖర్చుకు
దయ్యమునకు దగ్గు దడుపు వచ్చె

ఉగ్గాని బజ్జి: మూడో పాదం. "ధరకు" తర్వాత "గ్రా" ఉంది. "కు" గురువయితే గణం (గురులఘువుల లెక్క) పోయింది.

కారందోసె: వేరే వేరే మాటలు సార్. సమాసం కాదు. ముందరి మాట చివరి అక్షరాన్ని లాక్కుపోయి గురువు చేస్తే తెలుగులో సగం పద్యాలు పడిపోతాయి. కదిరి పక్కన కటారుపల్లెలో వేమన్న సమాధి ఉన్న పాత అనంతపురం జిల్లా వాళ్ళు ఆటవెలదిలో ఇట్లా అడగొచ్చా?

ఉగ్గాని బజ్జి: అడిగినంత మాత్రాన తప్పని అన్నానా? సరే, అది వదిలేస్తా. "పాత దయ్యము" అని రెండో పాదంలో చెప్పి నాలుగులో మళ్ళీ "దయ్యమునకు" అనడం బాగుందా? ఇది ఉగాదికి నువ్వు పెట్టిన పద్యం లాంటిదే, గణం కోసం "టికెట్టు"ను "టిక్కెటు" చేసినావు గుర్తుందా? ఏ హాలు కౌంటర్లో అట్లా అడుగుతారు?

కారందోసె: టిక్కెటు అని మా అవ్వ అనేది. మీరు అదే ఉగాదికి "శెనక్కాయ"ను "వేరుశనగ" చేసినారు, అనంతపురంలో ఉండి! దాన్ని ఎవరూ ఎత్తలేదు, పెద్దాయన కదా అని.

బురుజు నీడ: పొయ్యిలో కట్టె ఉంటే దగ్గు, బండ ధర వింటే దడుపు. రెంటికీ లెక్క కుదిరింది. "దయ్య" రెండుసార్లు వచ్చిందన్న మాట మాత్రం నిజమే.

కొత్త సభ్యుడు (ప్రొద్దుటూరు): నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే చెప్పండి. 'ఈ రోజుల్లో' సినిమాను 2012లో ఫోటోలు తీసుకునే 5డి కెమెరాతో తీసినారని తెలిసినప్పటి నుంచి మా ఊళ్ళో ప్రతి పెళ్ళి ఫోటోగ్రాఫరూ డైరెక్టరే. వాళ్ళ మీద ఇది.

ఆ.వె.
అప్పు తెచ్చి తీసి రడవిలో సినిమాను
లైటు లేక రాత్రి లాంతరె గతి
బీడి పొగే మంచు. పీల్చి పీల్చి తుదకు
దయ్యమునకు దగ్గు దడుపు వచ్చె

ఉగ్గాని బజ్జి: పొగే. లగం.

కారందోసె: మాస్టారూ, మొదటి పద్యం పెట్టిన పిల్లోడికి ఒక్క మాటలో శిక్షా? తమ్ముడూ, "పొగే" లఘువు తర్వాత గురువు, అక్కడ చెల్లదు; మూడో పాదంలో "పొగయె" అని మార్చుకో, చాలు. బీడీకి దగ్గు, అడవిలో లాంతరు వెలుగుకు దడుపు, రెండూ కుదిరినాయి. ఈ పని సాంబ్రాణి వేసినవాళ్ళు చేయలేకపోయినారు.

ఉగ్గాని బజ్జి: ఆ చివరి వాక్యం ఎవరికో నాకు తెలుసులే. పద్యం బాగుంది నాయనా, "లాంతరె గతి" నాకు నచ్చింది. లై-లా యతి కూడా కుదిరింది.

పెన్న ఒడ్డు: ఖర్చు లెక్క మీదే అందరూ కొట్టుకుంటున్నారు గానీ, మా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారు 1957లో 'మాయాబజార్' తీస్తే అందులో మాయలన్నీ మార్కస్ బార్ట్లీ కెమెరా పనే. అది చిన్న సినిమా కాదు, ఒప్పుకుంటా. కానీ లడ్డూలు వాటంతట అవే పోయి నోట్లో పడుతుంటే ఎట్లా చేసినారో ఈ రోజుకీ నాకు అక్కర్లేదు, చూస్తే చాలు. చవక దయ్యంతో వచ్చే చిక్కు, చూస్తున్నంతసేపూ ఎట్లా చేసినారో కనిపిస్తానే ఉంటుంది. దారం కనిపిస్తుంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. అయినా నాకు వాటి మీద కోపం రాదు, ఎందుకో పద్యం తర్వాత చెప్తా.

ఆ.వె.
ఖర్చు దేని కాయె? కమ్మిన పొగ కేమి
వచ్చె ప్రేక్షకులకు? వడ్డి చూడ
నేమి వచ్చె చెపుమ నిర్మాత గారికి?
దయ్యమునకు, దగ్గు, దడుపు వచ్చె

బురుజు నీడ: అక్కా! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. నా సమాసం ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా?

కారందోసె: దయ్యం దగ్గలేదు, దయ్యం దడుసుకోలేదు. దగ్గు జనానికి, దడుపు నిర్మాతకు. పాదాన్ని ముట్టుకోకుండానే ముక్కలు చేసేసినావు అక్కా.

ఉగ్గాని బజ్జి: క్రమాలంకారం, అంటే అడిగిన వరసలోనే జవాబులు పేర్చడం, పాత మందే. పైన రెండు "వచ్చె"లు వాడేసి కింద మూడోది.

పెన్న ఒడ్డు: మాస్టారూ, కిందిది సమస్యలోదే కదా, అది నా ఖాతాలో రాయకండి.

ఉగ్గాని బజ్జి: సరేమ్మా. పాత మందయినా పనిచేసింది. కోపం ఎందుకు రాదో చెప్తానన్నావు?

పెన్న ఒడ్డు: మా వీధిలో ఒకాయన మూడు రూపాయల వడ్డీకి తెచ్చి దయ్యం సినిమా తీసినాడు. దయ్యం వేషం మా తోటికోడలి తమ్ముడిది, కట్టిన తెల్లచీర వాళ్ళమ్మది. షూటింగ్‌లో కాలింది, ఆమె ఈ రోజుకీ అడుగుతానే ఉంది. నాలుగు ఊళ్ళు తిరిగినా ఒక్క హాలు వాళ్ళూ వేయలేదు. చివరికి మేడమీద తెల్లదుప్పటి కట్టి వేసుకున్నాం, అరవై మందిమి. దయ్యం వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ "అదో మా చీర" అని అరుస్తుంటే ఎవరికీ భయం వేయలేదు గానీ, ఒక్కరు కూడా లేచిపోలేదు.

ఉగ్గాని బజ్జి: ఆ సినిమా ఇప్పుడు దొరుకుతుందా?

పెన్న ఒడ్డు: యూట్యూబ్‌లో ఉంది మాస్టారూ. చూసినవాళ్ళలో సగం మా బంధువులే.

కారందోసె: టిక్కెటు లేకుండానా?

ఉగ్గాని బజ్జి: టికెట్టు.