"మా కచ్చియున్న ప్రతివానిని": ఇది కచ్చేనా?

ఆమదాలవలస నుంచి:
పోయిన ఆదివారం గుడిలో లూకా సువార్త 11, యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన ఉన్న అధ్యాయం, చదివే వంతు నాది. "మేము మా కచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక" దగ్గర నాలుక తడబడింది. చిన్నప్పుడు మా తాతగారు దీన్ని "మా కచ్చి" అని ఒక్క క్షణం ఆగి, "యున్న ప్రతివానిని" అనేవారు. మాది ముప్పై గడపల పాత ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘం. 1947లో దక్షిణ ఇండియా సంఘం(సి.ఎస్.ఐ.)లో కలిసిపోయినా తాతగారి తరం పాత ప్రార్థన పుస్తకం వరుసే పట్టుకుని ఉండేది. అప్పట్లో మా ఇంటికీ ఇంకో ఇంటికీ సమాధుల తోట గట్టు దగ్గర పెద్ద తగువు. అందుకే నాకు అది "మామీద కచ్చ పెట్టుకున్నవాళ్లని" అనే వినిపించేది. నలభై ఏళ్లు ఆ అర్థంతోనే ప్రార్థన చేశాను. మొన్న మా పాస్టరు అయ్యగారు "కచ్చ కాదమ్మా, అప్పు" అన్నారు. "కచ్చియుండు" అనే మాట ఎక్కడైనా ఉందా?

పాలకొండ మాస్టారు:
లేదమ్మా. మాకు + అచ్చియున్న. ఉత్వసంధిలో ఉకారం పోయింది, అంతే. పాత అచ్చులో "మా" తర్వాత ఖాళీ వదిలి "కచ్చియున్న" అని వేశారు. ఆ ఖాళీయే మీ తాతగారిని ఆపింది. మత్తయి 18లో "పదివేల తలాంతులు (పాతకాలపు డబ్బు లెక్క) అచ్చియున్న యొకడు" ఉన్నాడు, రోమా 13:8లో "ఎవనికిని అచ్చియుండవద్దు" ఉంది. అక్కడ ముందు సంధి లేదు కాబట్టి ఎవరూ తడబడరు.

విజయనగరం కంటోన్మెంట్:
సంధి సరే మాస్టారూ, అర్థం మాటేమిటి? మా ఇంట్లో "అచ్చుకోవడం" అంటే చెల్లించడం. అద్దెకు తెచ్చిన సైకిలు పోతే మా నాన్నగారు "ఇప్పుడు మనమే అచ్చుకోవాలి" అన్నారు. ఆ లెక్కన మాకు అచ్చియున్నవాడంటే మాకు ఇచ్చేసినవాడు. ఇచ్చేసినవాణ్ణి ఇంకా క్షమించేదేమిటి?

పాలకొండ మాస్టారు:
మంచి పట్టు పట్టారు. కానీ మత్తయి 18:28 చూడండి: "నీవు అచ్చియున్నది చెల్లింపుము". రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. అచ్చియున్నదంటే ఇచ్చేసింది అయితే మళ్లీ చెల్లింపుమనడం ఎందుకు?

విజయనగరం కంటోన్మెంట్:
వాక్యంలో అప్పు అనే అర్థం వస్తుందని నేనూ ఒప్పుకుంటాను. ఒకే ధాతువు ఒకచోట బాకీ, ఇంకోచోట బాకీ తీర్చడం ఎలా అయిందన్నదే నా ప్రశ్న. దానికి మీరు జవాబు చెప్పలేదు.

బొబ్బిలి:
నాకు తోచింది చెబుతాను. "అచ్చిరావడం" కూడా ఇదే మాట అయి ఉంటుంది. ఈ ఇల్లు మాకు అచ్చిరాలేదు అంటాం కదా, అంటే మనకు రావలసింది రాలేదని. రావలసి ఉన్నదే అచ్చియున్నది. ఇంకో సాక్ష్యం: మా సంఘంలో కోతల పండుగకి గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు కానుకగా తెచ్చి ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. చేతిలో డబ్బు లేనివాళ్లు పాడుకుని తర్వాత కడతారు. మా పెద్దనాన్నగారు కోశాధికారిగా రాసిన పాత పుస్తకంలో ఆ పేర్ల పైన "అచ్చియున్నవారు" అనే ఉంది.

పాలకొండ మాస్టారు:
పెద్దనాన్నగారి పుస్తకం బంగారం, దాన్ని జాగ్రత్తగా దాచండి. అచ్చిరావడం మాత్రం వేరే మాట. అందులో ఉన్నది అప్పు కాదు, కలిసిరావడం.

చీపురుపల్లి:
ఎవరూ మన ప్రాంతం మాట ఎత్తలేదేం? 1805లో లండన్ మిషన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయరు సాయంతో మత్తయి, మార్కు, లూకా తెలుగులోకి వచ్చాయి, 1812లో బెంగాల్లోని సేరంపూరులో అచ్చయ్యాయి. లూకాకి తెలుగు గొంతు మన తీరంలోనే వచ్చింది. అందుకే "అచ్చియుండు" ఉత్తరాంధ్ర మాటని నా నమ్మకం.

విజయనగరం కంటోన్మెంట్:
చరిత్ర ఒప్పుకుంటాను. కానీ మనం చదివేది ఎన్నో దిద్దుబాట్లు దాటి వచ్చిన పాఠం. ఈ మాట 1812 నుంచీ ఉందని దాని ఆధారంతో చెప్పలేం. అసలు విషయం సువార్తల మూలమైన గ్రీకులో ఉంది. లూకా మన వైపు "పాపములు" అన్నాడు, ఎదుటివాడి వైపు "బాకీ ఉన్నవాడు" అన్నాడు. మత్తయిలో రెండువైపులా ఋణమే. ఆంగ్లికన్లకి నోటికి వచ్చిన "అపరాధములు" ఈ రెండింటిలోదీ కాదు. 1526లో బైబిలు అనువాదకుడు టిండేల్ మత్తయిలో వేసిన ఇంగ్లీషు మాట "ట్రెస్‌పాసెస్" 1662 ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో నిలిచింది. 1611 ఇంగ్లీషు బైబిలు మత్తయిలో "అప్పులు" అన్నా గుడిలో మారలేదు. నోటికి పట్టిన ప్రార్థన అలా వదలదు.

పర్లాకిమిడి దారి నుంచి:
నోటికి పట్టడమంటే క్రైస్తవ కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరిగారిని తలచుకోవాలి. 1803లో మా పర్లాకిమిడి దగ్గరే పుట్టారు, 1890 దాకా బతికారు. ఆయన ఒక కీర్తనని "త్రాహిమాం" అని సంస్కృతంలో మొదలుపెట్టినా చదువు రాని మా అమ్మమ్మ ఒక్క అక్షరం తప్పేది కాదు. రాగం అక్షరాన్ని కాపాడుతుంది. ఈ లూకా వాక్యాన్ని ఆయన కీర్తనగా కట్టి ఉంటే "కచ్చి" గొడవ పుట్టేదే కాదు.

బొబ్బిలి:
మా ఇంట్లో సాయంకాల ప్రార్థన ఆయన కీర్తన లేకుండా ముగియదు. తాళం తప్పితే మా అమ్మ మళ్లీ మొదటినుంచి పాడిస్తుంది.

పాలకొండ మాస్టారు:
ఆయన పద్యం పట్టు ఇంకా గట్టిది. దానికి వేరే చర్చ పెడదాం, నా దగ్గర చాలా ఉంది.

ఆమదాలవలస నుంచి:
అందరికీ వందనాలు. సంధి అర్థమైంది మాస్టారూ. అయినా ఒక మాట. పాత ప్రార్థన పుస్తకంలో ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు, పొరుగువారితో ప్రేమలో ఉన్నవాళ్లనే దగ్గరికి రమ్మంటారు. మా ఆరాధనలో ఒకరికొకరు సమాధానం (శాంతి) ఇచ్చుకునేటప్పుడు జోడించిన చేతుల్ని ఎదుటివారి అరచేతుల మధ్య పెడతాం. ఆ గట్టు తగువు ఇంటి పెద్దాయన ఒక క్రిస్మస్‌కి వరుస దాటి వచ్చి మా తాతగారికి అలా చేతులు ఇచ్చారు. ఆ రోజు నా చెవిలో ఉన్నది కచ్చే. అప్పు కాదు. వచ్చే ఆదివారం కూడా వంతు నాదే. "మాకచ్చియున్న" అని కలిపి చదవనా, "మాకు అచ్చియున్న" అని విడదీయనా?

పాలకొండ మాస్టారు:
కలిపే చదవండి. వాక్యం అలాగే ఉంది.

బొబ్బిలి:
విడదీయండి అక్కా. వెనక బెంచీ పిల్లలకి అర్థం కావాలి.